అన్నం తగ్గించారు సరే, కూర పెంచారా?

అందరికీ నమస్కారం. వాకింగ్ ముగించుకుని ఆకలి మీదున్నారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

ఈమధ్య లో కార్బ్, అంటే పిండిపదార్థాలు తగ్గించి తినడం, అన్నం మానేసి గుడ్లు, చికెన్, పనీర్ మీద పడటమే అయిపోయింది. కూర మాత్రం ఎప్పటిలాగే కంచంలో ఓ మూల రెండు గరిటెలు. వారం తిరక్కుండా మలబద్ధకం అంటూ వస్తారు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలంది. మనమేమో పావుకిలో బెండకాయలు నలుగురికి సర్దుతాం!

అది నలుగురికి ఎలా సరిపోతుందంటే, మన కూర అన్నంలో కలుపుకోవడానికి వండేది. ఆ అన్నానికంతా చాలినంత ఉప్పూ కారం కూరలోనే పడతాయి. అదే కూర గిన్నెడు ఉత్తదే తినమంటే నోరు మండిపోతుంది, ఉప్పు కూడా మోతాదు మించుతుంది. అందుకే ముందు వంట మారాలి. బీరకాయో, సొరకాయో, వంకాయో, ఉప్పూ కారం సగం చేయండి. దించాక నిమ్మరసం పిండి, కాస్త నువ్వుల పొడి చల్లండి. ఇక గిన్నెడు తినొచ్చు. పోపు మాత్రం మానకండి. ఆకుకూరల్లోని కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) ఒంటపట్టాలంటే కొంచెం నూనె పడాల్సిందే.

100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. అంతే బరువున్న బీరకాయలో 3 గ్రాములు దాటితే గొప్ప. ఆలుగడ్డలో సుమారు 15 గ్రాములు, చామగడ్డ, అరటికాయల్లోనూ ఎక్కువే. అన్నం మానేసి ఆలుగడ్డ వేపుడు లాగిస్తే ఏం లాభం?

సలాడ్‌కి ఖరీదైన లెట్యూస్ అక్కర్లేదు. కీరా, టమాటా, ముల్లంగి, గుప్పెడు నానబెట్టిన పెసరపప్పు, పైన ఆవాల పోపు చాలు. ఉప్పు తినబోయే ముందే వేయండి, లేకపోతే కీరా నీరొదిలి గిన్నె అడుగున చెరువైపోతుంది. బయట కొనే సలాడ్‌లో తియ్యటి డ్రెస్సింగ్ ఉంటే అది చక్కెరే. బిర్యానీ పక్కన ఇచ్చే రెండు ఉల్లిపాయ చక్రాలను సలాడ్ అనుకునేవాళ్లకు నేనేం చెప్పలేను.

ఆకులు మాత్రం పచ్చివి వద్దంటాను. మూసీ పొడవునా మురుగు కలిసిన నీళ్లతో ఆకుకూరలు పండిస్తారు. బజార్లో ఏ కట్ట ఎక్కడిదో తెలీదు. బాగా కడిగి, వండుకునే తినండి. సలాడ్‌లో కొత్తిమీర లేకపోతే ఎలా అంటారా, పోపులో వేసేయండి.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వేసుకునేవాళ్లు ఆకుకూరలు అమాంతం పెంచితే మందు పనితీరు తగ్గుతుంది. కిడ్నీ సమస్య ఉంటే కూరల్లోని పొటాషియం కూడా చూసుకోవాలి. వీళ్లు ముందు తమ డాక్టర్‌ని కలవండి. మిగతావాళ్ల ప్రశ్నలకు నేను రెడీ.