హెడ్‌లైన్ మనసుకు తగులుతుందా? యాడ్ వదలకముందే తేల్చుకోవడం ఎలా

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ బెంగళూరులో రికార్డు చేస్తున్నాం. వినేవాళ్లలో చాలామంది ఇక్కడి తెలుగువాళ్ల చిన్న వ్యాపారాలకు యాడ్లు రాస్తారు. కర్రీ పాయింట్లు, పీజీలు, పచ్చళ్లు, ప్లాట్లు. ఇవాళ్టి విషయం, హెడ్‌లైన్ చదివితే ఎదుటి మనిషికి ఏమైనా అనిపిస్తుందా లేదా అన్నది ముందే ఎలా తేల్చుకోవాలని. అక్కా, టూల్స్ దగ్గర్నుంచే మొదలుపెడదాం. హెడ్‌లైన్ పేస్ట్ చేస్తే ఈఎంవీ స్కోరు ఇచ్చేవి ఉన్నాయి కదా, వాటిని నమ్మొచ్చా?

అతిథి: ఈఎంవీ అంటే ఎమోషనల్ మార్కెటింగ్ వేల్యూ. హెడ్‌లైన్‌లో ఉద్వేగం ఉన్న మాటలు ఎన్నో లెక్కేసి శాతం చెప్తుంది. అదంతా ఇంగ్లిష్ మాటల మీద కట్టిన లెక్క, తెలుగుకు పనికిరాదు. ‘భయపడకండి’, ‘నిర్భయంగా’, ‘భయమేస్తోందా?’ మూడింట్లోనూ భయం ఉంది. చదివితే కలిగే భావం మాత్రం దేనిది దానిదే. ఇంగ్లిష్‌లో అయినా మాటలు లెక్కపెడితే అసలు సంగతి దొరకదు. 1958లో డేవిడ్ ఒగిల్వీ అనే యాడ్ రచయిత రోల్స్‌రాయిస్‌కు ఒక హెడ్‌లైన్ పెట్టాడు. గంటకు 60 మైళ్ల వేగంలో ఈ కొత్త కారులో అన్నిటికంటే పెద్ద శబ్దం ఎలక్ట్రిక్ గడియారానిది, అని. అందులో ఉద్వేగం ఉన్న మాట ఒక్కటి చూపించు.

హోస్ట్: వేగం, శబ్దం, గడియారం. ఏమీ లేదు.

అతిథి: అయినా చదవగానే ఆ కారులో కూర్చున్నట్టు ఉంటుంది. పైగా ఆ మాట ఒక మోటారు పత్రిక టెక్నికల్ ఎడిటర్ రాసిన రిపోర్టులోది, యాడ్‌లోనే ఆ సంగతి చెప్పారు. భావాన్ని మోసింది ఆ ఒక్క వివరం. అందుకే నేను హెడ్‌లైన్ చేతికి రాగానే ముందు విశేషణాలన్నీ కొట్టేస్తాను. అద్భుతమైన, అత్యుత్తమ, సాటిలేని, ప్రత్యేకమైన... ఇవి తీసేశాక ఏం మిగిలిందో దాన్నే జడ్జ్ చేయాలి.

హోస్ట్: ఒకటి చేసి చూద్దాం. వైట్‌ఫీల్డ్‌లో ఒక కర్రీ పాయింట్ అనుకుందాం, ఇంటికి పంపుతారు కూడా. నా దగ్గర మూడు హెడ్‌లైన్లు ఉన్నాయి. ‘అద్భుతమైన ఆంధ్ర రుచులు మీ ముంగిట’ ఒకటి. ‘ఇంటి భోజనం గుర్తొస్తోందా?’ రెండోది. ‘రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరినా వేడి పప్పుచారు సిద్ధం’ మూడోది.

అతిథి: జడ్జ్ చేసేముందు కాగితం మీద రెండు ముక్కలు రాసుకోవాలి, చదివేది ఎవరు, ఏ క్షణంలో చదువుతారు. ఇక్కడ ఆఫీసు క్యాబ్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి, ఇంటికెళ్లి వండాలా అని నీరసపడుతున్న మనిషి అనుకో. ఆ తర్వాత ప్రతి హెడ్‌లైన్ పక్కనా అది కలిగించే భావం ఒక్క మాటలో రాయి. భయం, ఊరట, గర్వం, సిగ్గు, బెంగ, ఆశ, కోపం, ఇలాంటి మాట. ‘బాగుంది’ అని రాస్తే ఒప్పుకోను, అది భావం కాదు. ఇద్దరు విడివిడిగా రాసి చూసుకోండి. ఒకరు బెంగ అని, ఇంకొకరు ఆశ అని రాశారంటే హెడ్‌లైన్ తేలిపోతోందన్నమాట.

హోస్ట్: మొదటిదానికి నేనేమీ రాయలేకపోతున్నాను. రెండోది బెంగ. మూడోది ఊరట.

అతిథి: సరిపోయింది. ఇప్పుడు మార్కులు. స్పష్టత, భావం, నమ్మకం, మూడింటికీ సున్నా నుంచి 3 దాకా వేసి గుణించాలి. కూడితే తప్పుదారి పడతాం. భావానికి 3, స్పష్టతకు 3 వచ్చి నమ్మకానికి సున్నా వస్తే, కూడికలో 6 కనపడుతుంది, కానీ ఆ యాడ్‌కు ఆర్డర్లు రావు. గుణిస్తే సున్నా. నీ మొదటి హెడ్‌లైన్‌కు భావంలో సున్నా కాబట్టి అక్కడికక్కడే ఆగిపోయింది. రెండోదానికి స్పష్టత 1, ఎందుకంటే మెస్సా, పచ్చళ్లా, వంటమనిషిని పంపిస్తారా తెలియదు. భావం 3, నమ్మకం 2. మొత్తం 6. మూడోదానికి స్పష్టత 3, భావం 2, నమ్మకం 3, మొత్తం 18. అయితే తొమ్మిదింటికి నిజంగా వేడిగా పంపగలగాలి. వంటగది ఎనిమిదిన్నరకు కట్టేసేవాళ్లకు ఇది రాసిచ్చామా, మొదటి రాత్రే నమ్మకం పోతుంది.

హోస్ట్: రెండోదానికి బెంగలో పూర్తి మార్కులు ఇచ్చారు. మరి అది ఎక్కువ పని చేయదా?

అతిథి: క్లిక్‌లు ఎక్కువ రావచ్చు. బెంగ పుట్టినవాడు అమ్మకు ఫోన్ చేస్తాడు, ఆర్డర్ పెడతాడని లేదు. కలిగిన భావానికీ, మనం చేయమంటున్న పనికీ లంకె ఉండాలి. ఊరట కావాలంటే ఆర్డర్ పెట్టాల్సిందే, అక్కడ లంకె సూటిగా ఉంది. ఇంకో పరీక్ష, ఆ హెడ్‌లైన్ కింద పక్క వీధి పోటీదారు పేరు పెట్టి చదువు. అచ్చంగా అతికిపోయిందంటే అందులో మన షాపు సంగతి ఏమీ లేదన్నట్టే.

హోస్ట్: భయం గురించి అడగాలి. ఇన్సూరెన్స్, వాటర్ ప్యూరిఫయర్, కోచింగ్, అందరూ అదే వాడతారు.

అతిథి: భయం పని చేస్తుంది, దారి చూపిస్తేనే. 1965లో యేల్ యూనివర్సిటీ విద్యార్థుల మీద ధనుర్వాతం టీకా గురించి ఒక ప్రయోగం జరిగింది. అందరికీ జబ్బు గురించి చెప్పారు, కొందరికి బాగా భయం పుట్టేలా చెప్పారు. టీకా వేయించుకున్నవాళ్లు 3 శాతం చుట్టూనే. ఇంకో గుంపుకు హెల్త్ సెంటర్ ఎక్కడుందో మ్యాప్ ఇచ్చి, ఏ టైంలో వెళ్తారో అనుకొమ్మన్నారు. వాళ్లలో 28 శాతం దాకా వెళ్లారు. భయం ఎంత పెట్టారన్నదానికంటే ఎటు వెళ్లాలో చెప్పడమే తేడా తెచ్చింది. ఇప్పుడు మన ఊళ్లో ట్యాంకర్ నీళ్ల మీద ఆధారపడే అపార్ట్‌మెంట్లు తీసుకో. ‘మీ ట్యాంకర్ నీళ్లలో ఏముందో తెలుసా?’ అంటే జనం స్క్రోల్ చేసేస్తారు. ఇబ్బంది పెట్టే విషయం, చేయడానికి ఏమీ లేదు. ‘ట్యాంకర్ నీళ్లా? శనివారం ఇంటికొచ్చి టీడీఎస్ ఉచితంగా చూసి చెప్తాం’ అన్నావనుకో, అదే కంగారుకు ఒక రోజు, ఒక పని దొరికింది. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల కొలత.

హోస్ట్: టీడీఎస్ తక్కువ వస్తే ‘మీ నీళ్లు సురక్షితం’ అనేయొచ్చా?

అతిథి: అస్సలు వద్దు. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాల సంగతే చెప్తుంది. క్రిములు దానికి కనపడవు. మన దగ్గర ఉన్న ఆధారం ఎంతవరకో హెడ్‌లైన్‌లోని భావం అంతవరకే వెళ్లాలి. ఇందులో చట్టం కూడా ఉంది. ‘షుగర్ మాయం’ లాంటి మందుల యాడ్లను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది, ఏ జబ్బులకు అలా యాడ్ చేయకూడదో అందులో జాబితా ఉంది, మధుమేహం ఆ జాబితాలోనే ఉంది. తప్పుదోవ పట్టించే యాడ్‌కు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ‘ఇంకా రెండే ప్లాట్లు’ అని ఉత్తినే రాస్తే అది ఫాల్స్ అర్జెన్సీ, అంటే లేని తొందర పుట్టించడం. కొనేవాళ్లను మాయచేసే ఇలాంటి పద్ధతుల మీద, అంటే డార్క్ ప్యాటర్న్స్ మీద, 2023లో వచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని పేరుపెట్టి చెప్పారు. రెండే ఉంటే నిక్షేపంగా రాయండి, ఏ ప్లాట్లో నంబర్లు కూడా వేయండి. నంబర్ వేస్తే తొందర దానంతట అదే వస్తుంది.

హోస్ట్: ఫోన్‌లో ఎలా కనిపిస్తుందన్నది కూడా జడ్జ్‌మెంట్‌లో భాగమేనా?

అతిథి: తెలుగులో మరీ ముఖ్యం. మన క్రియ, మన ‘లేదు’, ‘కాదు’ చివర్లో వస్తాయి. నెలనెలా దాచుకునే పథకానికి ‘మీ పాప ఫీజుకు అప్పు చేయాల్సిన అవసరం లేదు’ అని రాశారనుకో. నోటిఫికేషన్‌లో ‘మీ పాప ఫీజుకు అప్పు చేయాల్సిన’ దగ్గర తెగిపోతే? ఊరట ఇద్దామనుకున్నది కాస్తా బెదిరింపై కూర్చుంటుంది. ‘అప్పు లేకుండా పాప ఫీజు’ అని తిప్పితే ఎక్కడ తెగినా అర్థం మారదు. తెలుగు ఎస్సెమ్మెస్ ఒక్కటి 70 అక్షరాలు. ఇంగ్లిష్‌లో 160. ఆ 70లో గుణింతం గుర్తు, ఒత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి, ‘స్త్రీ’ ఒక్కటే ఆరు. నీ పప్పుచారు హెడ్‌లైన్ ఖాళీలతో కలిపి 52. మిగిలిన 18లో షాపు పేరు పట్టాలి. గూగుల్ యాడ్స్‌లో ఒక్కో హెడ్‌లైన్‌కు 30 మాత్రమే, కాబట్టి అక్కడ అది పట్టనే పట్టదు. ‘రాత్రి 9కైనా వేడి పప్పుచారు’ అని కుదించాల్సిందే.

హోస్ట్: మనలో మనం మార్కులు వేసుకున్నాం సరే. బయటివాళ్లకు ఎలా చూపించాలి?

అతిథి: కొనే వర్గంలోని ఐదారుగురికి ఒక్కొక్కరికీ విడిగా మూడు సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తీసుకోవాలి. ‘నచ్చిందా?’ అని అడక్కూడదు. మనవాళ్లు మొహమాటానికి ‘బాగుందండీ’ అనేస్తారు. ఏం అమ్ముతున్నారు, చదవగానే ఏమనిపించింది, ఇప్పుడు మీరేం చేస్తారు, ఈ మూడే అడగండి. ‘భలే రాశారు’ అని ఎవరైనా అంటే నాకు దిగులేస్తుంది. వాళ్ల చూపు రాతగాడి మీద పడింది, పప్పుచారు మీద పడలేదు.

హోస్ట్: ఇక ఏ బీ టెస్ట్, అంటే రెండు హెడ్‌లైన్లను ఒకేసారి వేర్వేరు మందికి చూపించి ఏది గెలుస్తుందో చూడటం. చిన్న బడ్జెట్‌తో అవుతుందా?

అతిథి: ఎంత తేడా వెతుకుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రస్తుతం వందలో ఇద్దరు ఆర్డర్ పెడుతున్నారనుకుందాం. దాన్ని రెండున్నరకు పెంచే హెడ్‌లైన్‌ను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో వైపు దాదాపు 14,000 మంది చూడాలి. రెండు నుంచి నాలుగుకు పెంచేదైతే ఒక్కో వైపు 1,140 మంది చాలు. కాబట్టి చిన్న షాపు ‘వేడి’ని ‘వేడివేడి’గా మార్చి టెస్ట్ చేయడం వృథా. ఊరట ఒకవైపు, బెంగ ఇంకోవైపు, అంత దూరం ఉన్న హెడ్‌లైన్లు పెట్టాలి. ఫొటో, ధర, బటన్ అన్నీ ఒకేలా ఉంచాలి.

హోస్ట్: గెలిచిందని ఎప్పుడు చెప్పాలి? మొదటి రోజే ఒకటి ముందుంటే యాడ్ ఆపేసేవాళ్లున్నారు.

అతిథి: ముందు అనుకున్న సంఖ్య పూర్తయ్యేదాకా ముట్టుకోకండి, క్లిక్‌లు చూసి తేల్చకండి, ఆర్డర్లు చూడండి. రెండూ ఒకే రోజుల్లో పక్కపక్కనే నడవాలి. జీతాలు పడిన వారంలో ఒకటి, నెలాఖరులో ఇంకోటి నడిపితే మీరు కొలిచేది జేబులో డబ్బును, హెడ్‌లైన్‌ను కాదు.