స్కూల్లో పూల్ లేదు, టీమ్ మాత్రం ఉంది

అందరికీ నమస్కారం అండీ. వెనకాల వాళ్లకి మైక్ వినపడుతోందా? సరే. ఆదివారం భోజనాలయ్యాక ఈత గురించి మాట్లాడతానంటే ఇంతమంది కూర్చున్నారు, ఇందులో సగం మంది పిల్లల్ని ఎక్కడో ప్రాక్టీస్‌లో దింపేసి మళ్లీ తీసుకెళ్లేదాకా టైమ్ గడపడానికి వచ్చినవాళ్లే అని నాకు తెలుసు, పర్లేదు, నేనూ ఆ బాపతే.

మాది తణుకు పక్కన పల్లెటూరు. నాకు ఈత నేర్పిన కోచ్ మా బాబాయి. నడుముకి బెండు కట్టి కాలవలోకి తోసేశాడు, మూడో రోజున బెండు విప్పేశాడు, అయిపోయింది కోర్సు. "ఈతకి మించిన లోతు లేదురా" అనేవాడు, మునిగేంత నీళ్లున్నాక ఆపైన ఎన్ని నిలువులైతే ఏంటి అని. అలాంటివాణ్ణి అమెరికాలో మేరీలాండ్ వచ్చి, వాషింగ్టన్ పక్కన ఈ మాంట్‌గొమరీ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిది, ఇల్లు కొనుక్కుని, ఓ జూన్ శనివారం పొద్దున్నే పూల్ గట్టున స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను. మా పాప చేతి మీద మార్కర్‌తో మూడు అంకెలు రాసున్నాయి. ఏంటమ్మా ఇవి అంటే ఈవెంట్, హీట్, లేన్ నాన్నా, అంటే ఏ పోటీ, అందులో ఏ విడత, పూల్‌లో ఏ వరస అని, అంది, నీకింత కూడా తెలీదా అన్నట్టు చూసి. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. ఇప్పుడు హైస్కూల్ టీమ్‌లో ఈదుతోంది, నేను టైమర్ నుంచి స్ట్రోక్ అండ్ టర్న్ జడ్జి దాకా, అంటే ఈదే తీరు, గోడ దగ్గర తిరిగే తీరు రూల్ ప్రకారం ఉన్నాయో లేదో చూసేవాడి దాకా ఎదిగాను, జీతం లేని ప్రమోషన్.

ఇన్నేళ్లుగా నన్ను తొలిచే ప్రశ్న ఒకటుంది. ఈ కౌంటీలో 25 పబ్లిక్ హైస్కూళ్లున్నాయి. అన్నిట్లోనూ స్విమ్మింగ్ టీమ్ ఉంది. ఒక్క స్కూల్లో కూడా పూల్ లేదు. ఫుట్‌బాల్ గ్రౌండ్ ఉంటుంది, జిమ్ ఉంటుంది, ట్రాక్ ఉంటుంది, పూల్ ఉండదు. పూల్స్‌విల్ అని ఊరి పేర్లోనే పూల్ పెట్టుకున్న స్కూలు కూడా ఉంది, అక్కడా లేదు! మరి నీళ్లు లేని చోట ఇంత ఈత ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు అర్థమైనంతవరకు ఈ ఈత స్కూళ్లలో పుట్టలేదు, వీధి చివర ఎండాకాలం పూల్స్‌లో పుట్టింది. స్కూలు దాన్ని చలికాలానికి అద్దెకి తెచ్చుకుంది అంతే.

1950లో ఈ కౌంటీ జనాభా 1,64,401. 1970కి 5,22,809. ఇరవై ఏళ్లలో మూడింతలు. యుద్ధం అయిపోయింది, వాషింగ్టన్‌లో గవర్నమెంటు ఉద్యోగాలు పెరిగాయి, వీటన్, సిల్వర్ స్ప్రింగ్, బెథెస్డా, రాక్‌విల్ అంతా పొలాలు పోయి ఇళ్లయ్యాయి, ఇళ్ల నిండా చిన్న పిల్లలు. ఇక్కడ జులై ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మన రాజమండ్రి ఉక్కపోతకి చెల్లెలు. అందుకని కాలనీ వాళ్లంతా తలా కొంత చందా వేసుకుని పూల్ తవ్వించుకోవడం మొదలుపెట్టారు. పూల్ వచ్చాక పక్క కాలనీ పూల్‌తో పోటీ రాకుండా ఉంటుందా? 1958లో మాంట్‌గొమరీ కౌంటీ స్విమ్ లీగ్ మొదలైంది. ఇప్పుడు అందులో తొంభై టీముల దాకా ఉన్నాయి. జూన్, జులైలో శనివారం పొద్దున మీట్లు, బుధవారం సాయంత్రం ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకి బీ మీట్లు, ఎనిమిదేళ్ల లోపు నుంచి పద్దెనిమిది దాకా వయసుల వారీగా గ్రూపులు. ఆరేళ్ల పిల్ల, కాలేజీకి వెళ్లబోయే కుర్రాడు ఒకే టీమ్‌లో ఉంటారు, పెద్దవాడు వచ్చి చిన్నదాని గాగుల్స్ బిగిస్తాడు. నన్నడిగితే ఈ కౌంటీ స్విమ్మింగ్‌కి అసలు బడి అదే.

ఇక్కడ ఒక చేదు విషయం దాటేసి పోతే బాగుండదు. ఆ పూల్స్ గేట్లు అందరికీ తెరిచి లేవు. గ్లెన్ ఎకో పార్కుకి మీరంతా వెళ్లుంటారు, పిల్లల్ని రంగులరాట్నం ఎక్కించుంటారు. అక్కడ క్రిస్టల్ పూల్ అని 1931లో కట్టిన పెద్ద పూల్ ఉండేది, ఆ పూల్‌తో సహా పార్కు మొత్తం తెల్లవాళ్లకి మాత్రమే. 1960 జూన్ 30న నల్లజాతి వాళ్లు ఎక్కువగా చదివే హోవర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు వచ్చి నిరసనగా సరిగ్గా ఆ రంగులరాట్నం మీదే కూర్చున్నారు, ఐదుగుర్ని అరెస్ట్ చేశారు. పక్కనే ఉన్న బానక్‌బర్న్ కాలనీ వాళ్లు కూడా విద్యార్థులతో కలిసి ఎండలో నిలబడి పికెటింగ్ చేశారు. 1961 సీజన్‌కి పార్కు గేటు అందరికీ తెరుచుకుంది.

కానీ కాలనీ పూల్స్ సంగతి వేరే. మాది ప్రైవేటు క్లబ్, మా ఇష్టం అనేవాళ్లు. సిల్వర్ స్ప్రింగ్ వైపు వీటన్-హేవెన్ అని ఒక పూల్ అసోసియేషన్, ముప్పావు మైలు చుట్టుపక్కల ఇళ్లకి మొదటి ప్రాధాన్యం, 325 కుటుంబాలు పరిమితి. 1968లో ఆ పరిధిలోనే ఇల్లు కొన్న నల్లజాతి కుటుంబానికి అప్లికేషన్ కూడా ఇవ్వలేదు. అదే ఏడాది ఒక తెల్ల మెంబరు తన నల్లజాతి స్నేహితురాలిని గెస్టుగా తీసుకొస్తే, వెంటనే మీటింగ్ పెట్టి ఇకనుంచి చుట్టాలు మాత్రమే గెస్టులు అని రూల్ మార్చారు. చూశారా తెలివి! అది సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 1973లో జడ్జిలంతా ఏకగ్రీవంగా చెప్పారు, ఆ ఏరియాలో ఉన్న ఏ తెల్లవాడికైనా తెరిచి ఉన్నదాన్ని ప్రైవేటు క్లబ్ అనరు, 1866 పౌరహక్కుల చట్టం మీకు వర్తిస్తుంది అని. అంటే మన పిల్లలు ఇవాళ పూల్ మెంబర్‌షిప్ ఫారం నింపుతున్నారంటే దాని వెనకాల ఆ కేసు ఉంది. ఇప్పుడు గేటు దగ్గర ఎవరూ ఆపరు, కానీ అక్కడ ఆగిపోయిన ఒక తరం తల్లిదండ్రులకి ఈత రాలేదు, వాళ్ల పిల్లలకి నేర్పేవాళ్లు లేకపోయారు. మీట్‌లో లేన్లు చూస్తే ఆ లెక్క ఇంకా కనపడుతుంది.

సరే, ఎండాకాలం అయిపోయింది. చలికాలంలో హైస్కూల్ సీజన్, నవంబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా. అమ్మాయిల సంగతి కూడా చెప్పాలి, 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చాక స్కూళ్లు అబ్బాయిలకి ఇచ్చినట్టే అమ్మాయిలకీ ఆటల్లో చోటివ్వాల్సి వచ్చింది, స్విమ్మింగ్‌కి అది బాగా కలిసొచ్చింది, ఇవాళ దేశం మొత్తం మీద హైస్కూల్ ఈతలో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ. ఇద్దరూ ఒకే బస్సు, ఒకే పూల్, ఒకే కోచ్.

మరి నీళ్లు? కౌంటీ ఇండోర్ పూల్స్. నార్త్ బెథెస్డాలో కెనెడీ ష్రైవర్, సిల్వర్ స్ప్రింగ్‌లో మార్టిన్ లూథర్ కింగ్, ఓల్నీ, మన జర్మన్‌టౌన్. టీమ్‌కి నలభై మంది వేసుకున్నా 25 స్కూళ్లకి వెయ్యి మంది పిల్లలు, పూల్స్ ఏమో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే నీళ్లలో ఏడాది పొడుగునా ఫీజు తీసుకుని నేర్పే ఈత క్లబ్బుల ప్రాక్టీసులు, చిన్నపిల్లల క్లాసులు, మోకాళ్ల నొప్పులకి నీళ్లలో నడిచే పెద్దవాళ్లు, ఆఫీసుకి వెళ్లేముందు ఈదేవాళ్లు, అందరూ ఉంటారు. అందుకే స్కూల్ ప్రాక్టీస్ వేళలు అలా ఉంటాయి, తెల్లారకముందో, రాత్రి అన్నం తినే టైమ్‌కో. మా ఆవిడ ఉప్మా డబ్బా కారులోనే ఇచ్చేది, తల తడిసి, బయట మంచు, లోపల హీటర్, ఆ క్లోరిన్ వాసనకి ఇంగువ కలిస్తే ఎలా ఉంటుందో నాకు మాత్రమే తెలుసు.

ఇంకో తమాషా. ఎండాకాలం పూల్స్ ఎక్కువగా 25 మీటర్లు, హైస్కూల్ రేసులు 25 గజాలు, అంటే 22.86 మీటర్లు. మొదటి ఏడాది మా పాప డిసెంబర్‌లో జులై కంటే నాలుగైదు సెకన్లు ముందొచ్చిందని నేను ఊళ్లో అందరికీ ఫోన్లు చేశాను. తర్వాత ఒక తోటి తండ్రి మెల్లగా చెప్పాడు, పూల్ పొట్టిదండీ అని.

హైస్కూల్ డ్యూయల్ మీట్ అంటే రెండు స్కూళ్లు తలపడతాయి. డైవింగ్‌తో కలిపి పన్నెండు ఈవెంట్లు. నలుగురు నాలుగు రకాల ఈతలు ఈదే మెడ్లీ రిలేతో మొదలవుతుంది, 400 గజాల ఫ్రీస్టైల్ రిలేతో ముగుస్తుంది. ఒక్కో పిల్ల నాలుగు ఈవెంట్లకి మించి ఈదకూడదు, అందులో విడిగా ఈదేవి రెండే, మిగతావి రిలేలు. ఈ ఒక్క రూల్ వల్లే నాకు హైస్కూల్ ఈత మీద ప్రేమ. ఎందుకంటే ఎంత మెరుపు తీగనైనా రెండు రేసుల్లోనే వాడుకోగలరు, మిగతావాటికి ఇంకో పిల్ల కావాలి. ఆరు లేన్ల మీట్‌లో పాయింట్లు 6, 4, 3, 2, 1. రిలేకి 8, 4, 2. అంటే ఐదో స్థానానికీ ఒక పాయింటుంది. ఒకే స్టార్ ఉన్న టీమ్ మొదటి స్థానాలు కొట్టేసి, రెండు మూడు నాలుగు పక్క టీమ్‌కి వదిలేస్తే ఏమవుతుంది? రెండు మూడు నాలుగు కలిపితే తొమ్మిది, మొదటిది ఆరు. స్టార్ గెలుస్తుంది, టీమ్ ఓడిపోతుంది. నేను కళ్లారా చూశాను చాలాసార్లు. అందుకే కోచ్‌లు బ్రెస్ట్‌స్ట్రోక్, అంటే కప్పలా ఈదే ఈత, కాస్త వచ్చిన పిల్లని బతిమాలి మరీ టీమ్‌లోకి తెచ్చుకుంటారు. ఆ పిల్ల ఒక చేత్తో గోడ ముట్టుకుంటే డిస్‌క్వాలిఫై, రెండు చేతులూ ఒకేసారి తగలాలి, ఆ స్లిప్ రాయాల్సింది నేనే, రాసేటప్పుడు నా చేతులు వణికేవి మొదట్లో.

కేటీ లెడెకీ పేరు ఎత్తకుండా ఈ కౌంటీలో ఈత గురించి మాట్లాడితే ఒప్పుకోరు. ఆవిడ ఆరేళ్లప్పుడు ఇక్కడే పాలిసేడ్స్ అనే ఎండాకాలం టీమ్‌లో మొదలుపెట్టింది, అన్నయ్యతో కలిసి. నేను చెప్పిన ఆ శనివారం మీట్లే. చదువు బెథెస్డాలో స్టోన్ రిడ్జ్, అది ప్రైవేటు బడి. 2012లో లండన్‌లో 800 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచేసరికి 15 ఏళ్లు, పారిస్ 2024 అయ్యేసరికి తొమ్మిది ఒలింపిక్ స్వర్ణాలు. నాకు నచ్చేది ఏంటంటే, ఒలింపిక్ మెడల్ తెచ్చుకున్నాక కూడా తిరిగొచ్చి తన స్కూల్ టీమ్‌కి ఈదింది. ఫిబ్రవరిలో వాషింగ్టన్ చుట్టుపక్కల స్కూళ్లన్నిటికీ మెట్రోస్ అని పెద్ద మీట్ జరుగుతుంది, మన జర్మన్‌టౌన్ పూల్‌లోనే. అక్కడ ఆవిడ హైస్కూల్ జాతీయ రికార్డులు కొట్టింది. ఆ నీళ్లలోనే మంగళవారం మీ అబ్బాయి ఈత క్లాసుకి వెళ్తున్నాడు, కాస్త గుర్తు చేయండి.

అందరూ ఆవిడ వల్లే ఈత పెరిగింది అంటారు. కొంత నిజం, పొరుగున బాల్టిమోర్ వైపు మైకేల్ ఫెల్ప్స్ 2008లో ఎనిమిది స్వర్ణాలు తెచ్చినప్పుడు కూడా క్లబ్బులకి పిల్లలు పోటెత్తారు. కానీ నేననేది, ముందు చెరువు ఉంటేనే కదా చేప. నలభై ఏళ్లకి పైగా ప్రతి కాలనీలో శనివారం మీట్ నడిపినవాళ్లు, కుర్చీలు వేసినవాళ్లు, రిబ్బన్లు అతికించినవాళ్లు లేకపోతే ఆరేళ్ల కేటీ ఎక్కడ దూకేది?

మనవాళ్ల విషయానికొస్తే ఒక్క మాట, తిట్టుకోకండి. నన్ను అందరూ మొదట అడిగేది స్కాలర్‌షిప్ వస్తుందా అని. 2025 దాకా కాలేజీల్లో పై స్థాయి డివిజన్‌లో మగపిల్లల స్విమ్ టీమ్ మొత్తానికి కలిపి 9.9 స్కాలర్‌షిప్‌లు పరిమితి, వాటినే ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇప్పుడు రూల్స్ మారాయి కానీ గంపెడాశ పెట్టుకోకండి. మన మేరీలాండ్ యూనివర్సిటీనే డబ్బుల్లేక 2012లో తన ఈత టీమ్‌ని ఎత్తేసింది, హైస్కూల్ స్టేట్ పోటీలు మాత్రం చాలా ఏళ్లు వాళ్ల పూల్‌లోనే జరిగాయి. ఏడాది పొడుగునా క్లబ్ ఫీజులకి పెట్టే డబ్బు బ్యాంకులో వేసుకుంటే ఆ స్కాలర్‌షిప్ కంటే ఎక్కువే వస్తుందేమో!

క్లబ్‌లో లేకపోతే హైస్కూల్ టీమ్‌లో చోటు దొరకదనే భయం కూడా ఉంది, పెద్ద స్కూళ్లలో ఆ భయం ఉత్తిదేం కాదు. చర్చిల్, విట్‌మన్ లాంటి స్కూళ్లలో టీమ్‌లో చాలామంది క్లబ్ పిల్లలే. లేన్లు తక్కువ కాబట్టి కోచ్ వేగం చూసుకోక తప్పదు. ఇందులో తప్పెవరిదంటే నేను పిల్లల్ని అనను, కోచ్‌ని అనను. నీళ్లు చాలట్లేదు. కౌంటీ బడ్జెట్ హియరింగ్‌కి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడటం మనకి అలవాటు లేదు, గుడి పార్కింగ్ గురించి మాత్రం వెళ్తాం. పూల్ వేళల గురించి కూడా ఒకసారి వెళ్దాం, నేనూ వస్తాను. ఈత రాని పిల్లలకి జనవరిలో లేన్ ఖాళీ లేదంటే, వాళ్లు నవంబర్‌లో టీమ్ ట్రయల్స్‌కి ఎలా వస్తారు?

ఏడెనిమిదేళ్ల పిల్లలున్నవాళ్లు మాత్రం క్లబ్బుల జోలికి వెళ్లకముందు మీ దగ్గర్లో ఎండాకాలం పూల్ చూడండి. కొన్నిటికి వెయిటింగ్ లిస్టు ఉంటుంది, ఇప్పుడే పేరు రాయించండి. మొదటి మీట్‌లో మీ పాప మధ్యలో ఆగి లేన్ తాడు పట్టుకుంటుంది, పట్టుకోనివ్వండి. మీరు మాత్రం గట్టున కూర్చుని ఫోన్ చూస్తూ "కాళ్లాడించు, కాళ్లాడించు" అని తెలుగులో అరవకండి, నీళ్లలో తలుంటే ఏ భాషా వినపడదు. వెళ్లి స్టాప్‌వాచ్ తీసుకోండి, టైమర్లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు తక్కువే ఉంటారు.

ఇంక ప్రశ్నలడగండి. గాగుల్స్ ఏ కంపెనీవి కొనాలి అని మాత్రం అడక్కండి, మా ఇంట్లో పదకొండు జతలున్నాయి, మీట్ రోజున ఒక్కటీ కనపడదు.