ఆస్టర్ చచ్చిపోలేదు, దయచేసి పీకకండి

నమస్తే అండీ. పోయిన వారం ఒక ఫ్రెండ్ ఫోన్ చేసి, "నువ్వు చెప్పావని ఆస్టర్ పూలమొక్క పెట్టానా, డిసెంబర్‌కల్లా ఎండి పుల్లలైపోయింది, పీకి పారేశా" అంది. ఇక్కడ న్యూజెర్సీలో ఏటా ఎవరో ఒకరు ఇదే మాట అంటారు, నాకు ఒళ్లు మండుతుంది.

మన ఇళ్లల్లో చామంతి గుర్తు తెచ్చుకోండి. పూలైపోయాక అమ్మ మొదటికి కోసేసేది, చుట్టూ పిలకలు లేచేవి. ఇదీ చామంతి కుటుంబమే, వరసా అదే. ఉండండి, ఈ రాలిన ఆకులు పక్కకి తీస్తా... ఇదిగో, ఎండు కాడ మొదట్లో గోరంత ఎర్రటి మొలకలు కనిపిస్తున్నాయా? వచ్చే ఏడాది మొక్క ఇదే. ఫ్రెండ్ చెత్తబుట్టలో వేసింది దీన్నే.

తికమక ఎక్కడంటే, మనవైపు పూలమార్కెట్లో ఆస్టర్ అని అమ్మేది చైనా ఆస్టర్, అది ఒక్క సీజన్‌తో సరి. నేను చెప్పేది న్యూ ఇంగ్లాండ్ ఆస్టర్, ఈ అమెరికా నేలలో పుట్టిన మొక్క. శాస్త్రవేత్తలు 1990లలో దీన్ని ఆస్టర్ల గుంపులోంచి తీసి సింఫియోట్రైకమ్ అనే వేరే గుంపులోకి మార్చారు, ఆ పేరుకి నోరు తిరగదు, నేను మాత్రం ఆస్టర్ అనే అంటా.

చామంతికి తలలు తుంచుతాం చూడండి, దీనికీ అంతే. జూన్‌లో అడుగెత్తుకి రాగానే కొనలు రెండంగుళాలు తుంచేయండి, పక్క కొమ్మలు వస్తాయి. జూలై మొదటి వారం దాటాక ముట్టుకోవద్దు, తుంచితే మొగ్గలే పోతాయి. మనసొప్పక వదిలేశారా, నాలుగైదు అడుగులు పెరిగి, సరిగ్గా పూలు విరగబూసిన రోజు వానకి బోర్లా పడుతుంది. మొదటి ఏడాది నాది అలాగే పక్కింటివాళ్ల కంచె మీద పడుకుంది.

బూడిద తెగులు వస్తుంది, ఆకుల మీద తెల్లగా, పిండి చల్లినట్టు. మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదలండి, నీళ్లు మొదట్లో పోయండి. కింది ఆకులు ఎలాగూ రాలతాయి, ముందు ఏదైనా పొట్టి మొక్క పెట్టేయండి, కనబడదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఆరు గంటల ఎండ కావాలి. ఎరువు ఎక్కువేస్తే ఒట్టి ఆకే. జాగా తక్కువైతే పర్పుల్ డోమ్ రకం, రెండడుగులు దాటదు. మూడేళ్లకోసారి వసంతంలో దుబ్బు తవ్వి, నడిమి ముసలి భాగం పారేసి, అంచు పిలకలు నాటండి, మళ్లీ చామంతే! మెక్సికో వెళ్లే మోనార్క్ సీతాకోకచిలుకలు దీనిమీద ఆగుతాయి, మందులు కొట్టకండి.

ఆ ఫ్రెండ్‌కి ఏప్రిల్‌లో రెండు పిలకలు తీసిపెడతా. ఈసారి పీకిందంటే మాత్రం మాట్లాడను.