నీటి గుర్రం, గుర్రపుడెక్క
(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇందాక మెట్లెక్కుతుంటే ఒక పెద్దాయన నన్ను ఆపి, "మాస్టారూ, జూ జంతువుల గురించి చెబుతారట కదా. మన కాలువలో గుర్రపుడెక్క మేసే జంతువు ఏదైనా ఉంటే చెప్పండి, తెచ్చుకుందాం" అన్నారు. పరాచికానికే అన్నారు. కానీ ఈ మాటే 1910లో అమెరికా చట్టసభలో ఒకాయన నిజంగానే అన్నాడు.

ఆయన పేరు రాబర్ట్ బ్రూసార్డ్, లూసియానా ప్రతినిధి. అక్కడి ఏరులను గుర్రపుడెక్క కమ్మేసింది. పైగా దేశంలో మాంసానికి కరువు. ఆఫ్రికా నుంచి నీటి గుర్రాలను, అంటే హిప్పోలను, తెచ్చి వదిలితే అవి డెక్కను తింటాయి, వాటిని మనం తినవచ్చు అని బిల్లు పెట్టాడు. అది నెగ్గలేదు. నెగ్గి ఉన్నా డెక్క అలాగే ఉండేది, ఎందుకంటే నీటి గుర్రం అసలు మేత నీటిలో లేదు. అప్పుడప్పుడు నీటి మొక్కలను నోట పెట్టినా, దాని భోజనం నేల మీది పొట్టి గడ్డే. నీళ్లలో ఉంది కనుక నీటి మొక్కలు తింటుందనుకోవడం, గేదె కాలువలో పడుకుంది కనుక చేపలు తింటుందనుకోవడం లాంటిది.

ఈ పొరపాటు బ్రూసార్డ్ ఒక్కడిదే కాదు, జూకు వెళ్లిన మనందరిదీ. విశాఖ జూలో దాని మడుగు దగ్గర మా మనవడు ఐదు నిమిషాలు నిలబడి, "తాతయ్యా, ఇది ఉత్త బద్ధకపుది" అని తేల్చేశాడు. వాడి తప్పేముంది? మనం వెళ్లేది పట్టపగలు. పగలు దానికి పడక వేళ. ఎండ తగిలితే దాని చర్మం ఎండి పగులుతుంది, అందుకే నీటిని వదలదు. పొద్దు వాలాక గట్టెక్కుతుంది. అర మీటరు వెడల్పున్న పెదవులతో, కొడవలి పెట్టి కోసినట్టు, గడ్డిని కొరుకుతూ కిలోమీటర్ల కొద్దీ ఒంటరిగా నడుస్తుంది. రాత్రికి 40 కిలోల దాకా మేసి, తెల్లవారకముందే మడుగు చేరుతుంది. మనవాడు చూసింది రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషిని!

మన గేదెను కాలువలో చూశారు కదా, ముక్కు, కళ్లు పైకి పెట్టి మిగతా ఒళ్లంతా నీటిలో దాచేస్తుంది. నీటి గుర్రం తల ఆ పని కోసమే పోతపోసినట్టు ఉంటుంది. కళ్లు, చెవులు, ముక్కు రంధ్రాలు మూడూ తల పైభాగానే ఉంటాయి. మునిగేటప్పుడు ముక్కు మూసుకుంటుంది. పైకి లేస్తూనే బుస్సున గాలి వదిలి, ఆ చిన్న చెవులను గిరగిరా తిప్పి నీళ్లు విదిలిస్తుంది. నిద్రలో కూడా మెలకువ రాకుండానే పైకి తేలి, ఊపిరి పీల్చుకుని మళ్లీ మునుగుతుంది. ఇంతా చేసి దానికి ఈత రాదు! నీటి అడుగున నేలను తన్నుకుంటూ నడుస్తుంది. పేరులో గుర్రం ఉన్నా దాని దగ్గరి చుట్టం తిమింగలం.

ఒంటిపై ఎర్రగా కారే ద్రవాన్ని చూసి రక్తం అనుకుంటారు. అది రక్తమూ కాదు, చెమటా కాదు. చర్మం మీదికి ఊరినప్పుడు ఆ ద్రవం రంగు లేకుండా ఉండి, కాసేపటికి ఎర్రబడి, ఆ తరువాత గోధుమ రంగుకు తిరుగుతుంది. అందులోని రంగు పదార్థాలు ఎండను అడ్డుకుంటాయనీ, ఎరుపుది సూక్ష్మజీవులను కూడా పెరగనివ్వదనీ 2004లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు.

ఇక పేడ సంగతి. మీలో చేపల చెరువుల రైతులు ఉన్నారు కనుక ఇది మీకే చెప్పాలి. గట్టు మీద మేసిన గడ్డినంతా ఆ జంతువు ఏట్లోకి తెచ్చి వేస్తుంది. కొంతవరకు అది ఏటికి ఎరువే. అయితే కెన్యా, టాంజానియాల గుండా పారే మారా నదిలో మడుగుల అడుగున ఆ పేడ పేరుకుపోతుంది. వాన వచ్చి ప్రవాహం దాన్ని కెలికితే నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు గుంపులుగా చస్తాయి. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతుంటే, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల వైపు పరుగెత్తిన వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

అమెరికాలో ఆగిన పని కొలంబియాలో ఇంకో దారిన జరిగింది. మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ 1980లలో తన సొంత జూ కోసం ఒక మగదాన్ని, మూడు ఆడవాటిని తెప్పించాడు. 1993లో అతడు పోయాక మిగతా జంతువులను తరలించారు గానీ, వీటిని కదిలించడం ఎవరి తరమూ కాలేదు. ఆఫ్రికాలో అయితే కరువు కాలం వాటి సంఖ్యకు పగ్గం వేస్తుంది. కొలంబియాలోని మాగ్దలీనా నది పొడవునా ఎప్పుడూ నీరే, ఎప్పుడూ గడ్డే. నాలుగు కాస్తా నూట యాభై దాటాయి. ఇప్పుడు ఆ ప్రభుత్వం వాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయిస్తోంది. రెండు టన్నుల జంతువుకు మత్తు ఇచ్చి కోయడం ఎంత పనో ఊహించుకోండి.

కాబట్టి పెద్దాయనా, ఏమీ అనుకోకండి, గుర్రపుడెక్కకు నా దగ్గర మందు లేదు. అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. పువ్వు ముచ్చటగా ఉందని మనుషులే దేశదేశాలకు మోశారు.

పిల్లలకు ఒక మాట. ఈసారి జూకు వెళితే మధ్యాహ్నం ఎండలో కాకుండా, మూసేవేళకు కాస్త ముందు ఆ మడుగు దగ్గర నిలబడండి. పచ్చగడ్డి మోపు పడగానే ఆ కొండ ఎంత చురుగ్గా కదులుతుందో చూడవచ్చు. కానీ వెనక వైపు మాత్రం నిలబడకండి. పేడ వేసేటప్పుడు పొట్టి తోకను ఫ్యాను రెక్కలా ఆడించి నలువైపులా చిమ్ముతుంది. అది దాని చిరునామా చీటీ. పరాయి గుంపు అరుపు చెవిన పడితే ఇంకా గట్టిగా చిమ్ముతుందని మొజాంబిక్‌లో అరుపులు రికార్డు చేసి వినిపించి మరీ కనుక్కున్నారు. నేను అరవనైనా అరవలేదు. అయినా ఉద్యోగంలో చేరిన కొత్తలో, విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లిన రోజున, నా తెల్ల చొక్కా మీద చిరునామా పడింది.