మలక్‌పేటలో బాబాయి ఇల్లు, ఒహాయోలో మా ఇల్లు: తడిసిన గోడల సంగతి

నమస్కారం. అమెరికాలోని ఒహాయోలో పైపు పగిలి మా ఇల్లు తడిసినప్పుడు పెట్టిన వీడియోను చూసినంత మంది నా వంటల వీడియోలను ఎన్నడూ చూడలేదు. అందుకే సెలవులకు వచ్చిన నేను, వాన నీరు చేరిన మలక్‌పేట బాబాయి ఇంటిని కూడా చూపిస్తున్నాను.

తాతగారు స్వాతంత్ర్యానికి ముందు డంగు సున్నంతో కట్టించిన ఇల్లు ఇది. 2020 అక్టోబరు 13 నాటి కుండపోతకు మునిగినప్పుడు గోడలకు సిమెంటు పూయించారు. ఇప్పుడు మేస్త్రీ గారు తాపీ పిడితో గోడను తడుతూ, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత గీస్తున్నారు. ఆ గీతల లోపలిదంతా అప్పటి సిమెంటే. సున్నపు గోడ పీల్చుకున్న తేమను తానే గాలికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ పైపైకి పాకి, పూత వెనుక పేరుకున్న ఉప్పు దానిని పెకిలిస్తుంది.

ఒహాయోలో మా ఇల్లు 1930ల నాటిది. కర్ర చట్రానికి సన్నని చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద పూత పూసిన గోడలవి. తరువాత వేసిన గదులకు మాత్రం రెండు కాగితాల మధ్య జిప్సం ఉన్న బోర్డులే గోడలు. తడిసిన ఆ కాగితానికి ఒకటి రెండు రోజుల్లోనే బూజు పట్టవచ్చు కనుక, బోర్డులను నడుము ఎత్తు వరకు కోసి పారేశారు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని అక్కడ నిషేధించిన 1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి, కోసే ముందు రంగులో సీసం ఉందేమోనని పరీక్షించారు. నీరు తోడి, కోసి, ఆరబెట్టినందుకే 4,000 డాలర్లు అయింది. డాలరుకు 85 రూపాయలు వేసుకున్నా 3,40,000 రూపాయలు! అక్కడి ఇంటి బీమా హఠాత్తుగా పగిలిన పైపుకు సాధారణంగా డబ్బు ఇస్తుంది గానీ, వరదకు వేరే పాలసీ కొనవలసిందే.

అక్కడ ఇల్లు ఆరబెట్టడానికి పెట్టిన తేమ లాగే యంత్రం మన కూలర్ లాంటిదా అని పిన్ని అడిగింది. కూలర్ గాలికి తేమ కలుపుతుంది. ఇది గాలిలోని తేమను లాగి, ఏసీ గొట్టం కారినట్టు బకెట్లోకి వదులుతుంది. కాబట్టి పిన్నీ, తడిసిన గదిలో కూలర్‌కు నీళ్లు పోయకండి, ఫ్యాను వేస్తే చాలు. అక్కడ రాత్రింబవళ్లు ఆ యంత్రాల హోరులో, పలకరించే మనిషి లేక నేను ఒంటరిగా కూర్చున్నాను; ఇక్కడైతే నీరు గుమ్మం దాటకముందే వీధి కుర్రాళ్లు పిలవకుండా వచ్చి బీరువాను ఇటుకల మీదికి ఎత్తారు.

అక్కడి పనివారిలో నాకు నచ్చినది ఒక్కటే: తేమను కొలిచే రెండు సూదుల మీటరును రోజూ చెక్కకు గుచ్చి, అంకె తడవని చెక్కతో సమానమయ్యేదాకా యంత్రాలను కదలనివ్వలేదు. అలాంటి మీటరునే నేను తెచ్చాను. అది చెక్కకు తయారైనది కనుక ఇటుక గోడ మీద దాని అంకెకు సొంతంగా విలువ లేదు. పైన పొడిగా ఉన్న గోడతో పోల్చి చూసుకోవాలి. అడుగున ఇంకా రెట్టింపు చూపిస్తోంది.

దసరాకు రంగు వేయించాలని బాబాయి పట్టుబట్టారు. మేస్త్రీ గారు మీటరు వైపు చూడనైనా లేదు, గోడకు అరచెయ్యి ఆనించి, “సంక్రాంతికి చూద్దాం సార్, అప్పుడు కూడా సున్నమే” అన్నారు.