గ్రాఫ్ గీత కదలకపోతే చర్య ఆగినట్టేనా?

రసాయనశాస్త్ర ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

రసాయన చర్యలు చూపించడానికి క్లాసులో సెన్సర్ వాడదామనగానే ఏదో కొత్త వస్తువనిపిస్తుంది గానీ, ఆలోచన పాతదే. 1850లోనే లుడ్విగ్ విల్‌హెల్మీ ఆమ్లం కలిపిన చక్కెర ద్రావణం గుండా వచ్చే ధ్రువిత కాంతి (ఒకే తలంలో కంపించే కాంతి) తలం ఎంత కోణం తిరుగుతోందో చూస్తూ చర్యా వేగం కొలిచాడు. ద్రావణాన్ని కదపకుండా లోపలి సంగతి తెలుసుకోవడం. రంగు ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటోందో కొలిచే సెన్సర్ కలరీమీటర్‌తో మనం చేసేదీ అదే.

కాగితం మీది ఇంటూ గుర్తు ప్రయోగం మనందరం చేయించేదే. సోడియం థయోసల్ఫేట్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తాం, సల్ఫర్ ముసురుకుని గుర్తు కనపడకుండా పోగానే స్టాప్‌వాచ్ ఆపుతాం. దాన్ని మానెయ్యమని నేననను. కానీ చేతికొచ్చేది ఒక్క అంకె. అదే క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ కలిపి కలరీమీటర్‌లో పెడితే, రంగు వెలిసిపోవడమంతా తెర మీద గీతగా పడుతుంది. మొదట గబగబా దిగి, రానురాను నెమ్మదిస్తుంది. క్షారం బాగా ఎక్కువ ఉంటే, శోషణ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే కొలత) విలువల సంవర్గమానాలతో గీసిన గ్రాఫ్ సరళరేఖ అవుతుంది. ఒక్క షరతు: బటన్ నొక్కేముందు ఎవరి గ్రాఫ్ వాళ్లు పెన్సిల్‌తో ఊహించి గీయాలి. లేకపోతే పిల్లలు టీవీ చూసినట్టు చూసి లేచిపోతారు.

అసలు చిక్కంతా సమతాస్థితి దగ్గర. ఫెర్రిక్ నైట్రేట్, పొటాషియం థయోసయనేట్ ద్రావణాలు కలపగానే ఎర్రబడతాయి. గీత లేచి, చదునైపోతుంది. ‘సార్, రియాక్షన్ అయిపోయింది’ అంటారు పిల్లలు. వాళ్ల తప్పేం లేదు. ఆగిపోయిన చర్యకూ, ముందుకు నడిచే (పురోగామి), వెనక్కి నడిచే (తిరోగామి) చర్యలు సమాన వేగంతో నడుస్తున్న సమతాస్థితికీ సెన్సర్ గీసే గీత ఒకటే.

కాబట్టి ఆ స్థితిని చెదరగొట్టాలి. ముందు ఏదైనా మామూలు రంగు నీటిని రెండింతలు పలచన చేయించండి. శోషణ 0.80 ఉన్నది 0.40 అవుతుంది, అందరూ ఊహించిందే. ఇప్పుడు ఎర్ర ద్రావణాన్ని అలాగే పలచన చేయించండి. మంచినీళ్లతో కాదు, దాన్ని తయారుచేసిన విలీన నైట్రిక్ ఆమ్లంతోనే. ఈసారి రీడింగ్ సగం కంటే కిందికి పోతుంది. సగానికీ, సగం కంటే తక్కువకీ తేడా కంటికి ఆనదు, కలరీమీటర్‌కి ఆనుతుంది. ‘మిగతా ఎరుపు ఏమైంది?’ అని అడిగి కాసేపు ఊరుకోండి. ఎర్రటి సంక్లిష్ట అయాన్ కొంత విడిపోయి మళ్లీ ఫెర్రిక్, థయోసయనేట్ అయాన్లయిందని ఎవరో ఒకరు పట్టేస్తారు.

ఇక్కడ మనం కూడా కొంచెం జాగ్రత్తగా ఉండాలి. చర్య వెనక్కి నడవగలదనే ఈ ప్రయోగం చూపిస్తుంది. చదును గీత ఉన్నంతసేపూ రెండు దిక్కులా నడుస్తూనే ఉందనడానికి ఇది రుజువు కాదు. అందుకు ఐసోటోపులతో గుర్తుపెట్టిన పరమాణువులు కావాలి. ఆ సంగతి క్లాసులో నోటితో చెప్పుకోవాల్సిందే.

వేడి చేస్తే ఈ ఎరుపు తగ్గుతుంది, సంక్లిష్టం ఏర్పడటం ఉష్ణమోచక చర్య కనుక. అయితే రీడింగ్ తీసేలోపే ద్రావణం చల్లారిపోతుంది. ఆ ప్రయోగానికి ఉష్ణోగ్రత సెన్సర్ కూడా జతచేసి, విడిగా ఒక పీరియడ్ కేటాయించండి.