పాత నిబంధన ఆజ్ఞలు ఇప్పుడు మనకి వర్తిస్తాయా? విజయనగరం స్టూడియోలో గంటసేపు చర్చ

(మా లోకల్ కేబుల్ స్టూడియోలో రికార్డ్ చేసిన ప్రోగ్రాం ఇది. యాంకర్ని నేనే, మళ్ళీ మొత్తం విని టైపు చేసాను. వచ్చిన వాళ్ళు పేర్లు వేయొద్దన్నారు కాబట్టి అయ్యగారు అంటే బాప్టిస్టు సంఘం పాస్టర్ గారు, మాస్టారు అంటే రిటైర్డ్ తెలుగు మాస్టారు (ఆయన ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ సంఘం వారు), లాయర్ మేడమ్, ఇంకా శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడు. మొదట్లో పరిచయాలు, మధ్యలో సౌండు పోయిన రెండు నిమిషాలు తీసేసాను.)

యాంకర్: అందరికీ వందనాలు, నమస్కారం. బాబూ, ఈ టాపిక్ అడిగింది నువ్వే కాబట్టి నీతోనే మొదలెడదాం.

కుర్రాడు: వందనాలండి. నాది ఆమదాలవలస దగ్గరండి. నేను చేతి మీద చిన్న సిలువ టాటూ వేయించుకున్నానండి, మా సంఘ పెద్ద ఒకాయన అందరి ముందు బైబిలు మొదటి భాగం పాత నిబంధనలోని లేవీయకాండం 19వ అధ్యాయం 28వ వచనం చదివి నన్ను నిలబెట్టేసారు, దేహం మీద పచ్చబొట్టు పొడిపించుకోకూడదని ఉందని. సరే తప్పే అనుకున్నాను, ఇంటికెళ్ళి ఆ అధ్యాయం మొత్తం చదివితే దాని పైనున్న 27లో గడ్డం అంచులు గొరిగించుకోకూడదని ఉందండి, ఆయన రోజూ నున్నగా షేవింగ్ చేసుకునే వస్తారు. మా మామ్మకి రెండు చేతుల నిండా పచ్చబొట్లే, ఆవిడ్ని ఎవరూ ఏమీ అనలేదు. మరి ఏది పాటించాలి, ఏది వదిలేయాలి, అది చెప్పేది ఎవరు? అదే నా డౌటు.

అయ్యగారు: మంచి ప్రశ్న బాబూ. ముందు ఆ పెద్దాయన అందరి ముందు నిన్ను నిలబెట్టడం మాత్రం సరి కాదు. ఇక నీ ప్రశ్నకొస్తే మేము బైబిలు ట్రైనింగ్‌లో నేర్చుకున్నది ఏంటంటే ధర్మశాస్త్రాన్ని, అంటే మోషే ద్వారా వచ్చిన పాత నిబంధన ఆజ్ఞల్ని, మూడు రకాలుగా చూడాలి, నీతికి సంబంధించినవి, ఆరాధన ఆచారాలకి సంబంధించినవి, ఇశ్రాయేలు దేశాన్ని నడపడానికి ఇచ్చిన చట్టాలు. బలులు, శుద్ధి ఆచారాలు, ఏది తినొచ్చు ఏది తినకూడదు, ఇవన్నీ క్రీస్తులో నెరవేరిపోయాయి, ఆ దేశపు చట్టాలు ఆ దేశంతో పోయాయి, నీతి ఆజ్ఞలు మాత్రం నిలిచున్నాయి. పది ఆజ్ఞలు ఎప్పటికీ పది ఆజ్ఞలే.

మాస్టారు: ఈ మూడు భాగాల లెక్క బాగా వివరించింది మా తోమా అక్వినాస్ గారే నండి, 13వ శతాబ్దంలో. తర్వాత మీ ప్రొటెస్టెంటు వాళ్ళూ తీసుకున్నారు. పది ఆజ్ఞలంటే గుర్తొచ్చింది, అందులోనూ మన లెక్కలు వేరు కదా, మీరు ఏడో ఆజ్ఞ అంటే వ్యభిచరించవద్దు, మాకు అది ఆరోది. విగ్రహాల గురించి ఉన్నదాన్ని మేము మొదటిదాంట్లోనే కలిపి చదువుతాం, చివర్న ఆశించవద్దు అన్నదాన్ని రెండు చేస్తాం, లూథరన్లు కూడా అంతే. మా ఇంట్లో కోడలు బాప్టిస్టుల అమ్మాయి, పిల్లలకి నేర్పించేటప్పుడు ఎవరి నంబరు చెప్పాలో అని ప్రతిసారీ...

లాయర్ మేడమ్: నంబర్లు ఎలా ఉన్నా పర్లేదు మాస్టారూ, నాకు అసలు ఇబ్బంది ఆ మూడు భాగాల దగ్గరే ఉంది. అయ్యగారూ, ఆ గీతలు బైబిల్లో ఎక్కడున్నాయి చెప్పండి. ఇది నీతి, ఇది ఆచారం అని మోషే ఎక్కడా విడదీసి రాయలేదు. యూదు రబ్బీలు మొత్తం 613 అని లెక్క కట్టారు, చేయమన్నవి 248, వద్దన్నవి 365, వాళ్ళ లెక్కలో కూడా ఇలాంటి మూడు పెట్టెలు లేవు. బాబు చదివిన ఆ 19వ అధ్యాయమే తీసుకోండి. నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమించమన్న మాట యేసుప్రభువు కొత్తగా చెప్పారనుకుంటారు మన వాళ్ళు చాలామంది, అది ఆ అధ్యాయంలో 18వ వచనం. వెంటనే 19వ వచనం ఏంటి? రెండు రకాల విత్తనాలు ఒకే పొలంలో చల్లొద్దు, రెండు రకాల నూలు కలిపిన బట్ట కట్టొద్దు. పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పట్టుకుని ఒకటి వదిలేసాం, సరే, కానీ ఏ లెక్కన వదిలేసామో మనకే తెలియాలి కదా.

అయ్యగారు: దానికి కొత్త నిబంధనే లెక్కండి. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యెరూషలేములో పెద్దలంతా కూర్చుని ఇదే తేల్చారు. అన్యుల్లోంచి, అంటే యూదులు కానివాళ్ళలోంచి వచ్చిన విశ్వాసులు సున్నతి చేయించుకోవాలా, మోషే ధర్మశాస్త్రం అంతా మోయాలా అంటే అక్కర్లేదన్నారు. నాలుగే పెట్టారు, విగ్రహాలకి అర్పించినవి, రక్తం, గొంతు నులిమి చంపినవి, జారత్వం, వీటికి దూరంగా ఉండమన్నారు.

కుర్రాడు: మరి ఆ నాలుగైనా మనం పాటిస్తున్నామా అండి? మా ఊర్లో ఆదివారం ఆరాధన అయ్యాక మటన్ కొట్టు దగ్గర రక్తం కూడా కట్టించుకుని వేపుడు చేసుకునే విశ్వాసులు ఉన్నారు. కానీ సిరిమాను పండక్కి పక్కింటి వాళ్ళు ప్రసాదం పంపిస్తే మాత్రం గిన్నె గుమ్మం దగ్గర్నుంచే తిప్పి పంపేస్తారు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి.

(ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు కూడా తగిలిన మాట అది. పైడితల్లమ్మ పండగ రోజు మా వీధిలో నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే.)

అయ్యగారు: నువ్వన్నది నిజమే. పౌలు గారు కొరింథీయులకి రాస్తూ విగ్రహం వట్టిదే అని తెలిసినా బలహీనుడైన సహోదరుడికి అభ్యంతరం అవకూడదు అన్నారు, అంటే ఎదుటి మనిషి ముఖ్యం. ఆ ప్రకారం చూస్తే పక్కింటావిడ మొహం చిన్నబుచ్చేలా గిన్నె తిప్పడం కూడా ఆలోచించుకోవాల్సిందే. తినాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షి వాళ్ళది.

మాస్టారు: నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి. గలతీ పత్రికలో ధర్మశాస్త్రం మనకి బాలశిక్షకుడు అన్నారు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పినోణ్ణి కాబట్టి ఆ మాట మీదే ఆగిపోతాను. బాలశిక్ష చదివిన పిల్లాడు పెద్దయ్యాక ఆ పుస్తకం సంచిలో పెట్టుకు తిరగడు, కానీ అందులో నేర్చుకున్న అక్షరాలతోనే జీవితాంతం చదువుతాడు. పుస్తకం పోయింది కదా అని అక్షరాలు పారేస్తే ఏటండి మిగిలేది? రెండో శతాబ్దంలో మార్సియన్ అని ఒకాయన అలాగే చేసాడు, పాత నిబంధన దేవుడు వేరు, మన దేవుడు వేరు, ఆ పుస్తకాలే మనకొద్దు అన్నాడు. 144లో రోము సంఘం ఆయన్ని వెలివేసింది. మనం నోటితో అలా అనం గానీ లేవీయకాండం పేజీలు అంటుకుపోయున్న బైబిళ్ళు ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయో చూడండి.

లాయర్ మేడమ్: పోలిక బాగుంది మాస్టారూ, కానీ ఆ అక్షరాల్లో కొన్ని నాకు మింగుడు పడవు, దాచుకోకుండా చెప్తాను. నిర్గమకాండం 21లో దాసుల గురించి ఉంది, హెబ్రీ దాసుణ్ణి ఏడో ఏట వదిలేయమంటుంది, ఆ కాలానికి అది దయే అనుకుందాం, కానీ మనిషిని ఉంచుకోవచ్చు అనే కదా దాని కింద ఉన్నది. మన దేశంలో 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది, ఈ రోజు ఎవరైనా బైబిల్లో ఉంది కదా అని పాలికాపుని అప్పు కింద కట్టేసుకుంటానంటే నేను విశ్వాసిగానే కోర్టుకెళ్తాను. కాబట్టి ఆజ్ఞ ఎటు నడిపిస్తోందో చూడాలి గానీ అక్కడే నిలబడిపోకూడదని నా అభిప్రాయం.

యాంకర్: ఎటు నడిపిస్తోందో అంటే? ఒక ఉదాహరణ చెప్పండి మేడమ్.

లాయర్ మేడమ్: సెలోపెహాదు కూతుళ్ళు. సంఖ్యాకాండం 27. తండ్రి పోయాడు, కొడుకుల్లేరు, ఐదుగురు ఆడపిల్లలు మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకు స్వాస్థ్యం, అంటే ఆస్తిలో వాటా, ఇవ్వండి అని అడిగారు. మోషే దేవుణ్ణి అడిగితే వాళ్ళు చెప్పింది న్యాయం అని జవాబొచ్చింది. ఆ కాలంలో! ఇప్పుడు మన క్రైస్తవులకి 1925 భారత వారసత్వ చట్టం ఉంది, వీలునామా రాయకుండా తండ్రి పోతే కొడుక్కీ కూతురికీ సమాన వాటా. కానీ నా దగ్గరకొచ్చే కుటుంబాల్లో ఆడపిల్ల వాటా అడిగితే ఇంకా ఏమంటారంటే కట్నం ఇచ్చేసాం కదా అంటారు, ప్రార్థన చేసుకునే వచ్చి ఆ మాట అంటారు. పాత నిబంధనలో ఆడపిల్ల తండ్రి కట్నం ఇవ్వాలని ఎక్కడుందండి? పెళ్ళికొడుకు వైపు నుంచి తండ్రికి ఇచ్చే ఓలి ఉంది, రివర్సు. మనం పాత నిబంధనా పాటించట్లేదు, 1961 వరకట్న నిషేధ చట్టమూ పాటించట్లేదు, మూడోది ఇంకేదో పాటిస్తున్నాం.

అయ్యగారు: ఈ విషయంలో సంఘాల్లో మేము గట్టిగా చెప్పట్లేదు. ఒప్పుకుంటున్నాను.

కుర్రాడు: అయ్యగారూ ఏమీ అనుకోకండి, దశమభాగం, అదే సంపాదనలో పదో వంతు దేవుడికివ్వడం, దాని గురించి కూడా అడగొచ్చా? ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నాం అంటారు, పదో వంతు దగ్గరకొచ్చేసరికి మలాకీ 3 తీస్తారు.

అయ్యగారు: అడుగు, తప్పేముంది. నేను నా సంఘంలో బలవంతం పెట్టను, సంతోషంగా ఇచ్చేది ఇవ్వండి అంటాను. కానీ నువ్వన్నట్టు పాత నిబంధన మొత్తం పోయింది, అదొక్కటే మిగిలింది అన్నట్టు చెప్పేవాళ్ళు ఉన్నారు, అది సరి కాదు. పైగా ద్వితీయోపదేశకాండం 14 చివర్లో ఉంది చూడండి, ప్రతి మూడో ఏడు ఆ పదో భాగం ఊళ్ళోనే ఉంచాలి, లేవీయులూ పరదేశులూ తండ్రిలేని పిల్లలూ విధవరాళ్ళూ వచ్చి తిని తృప్తిపడాలి. ఆ వచనం మీద నేను ఇరవై రెండేళ్ళ పరిచర్యలో ఒక్కసారి కూడా ప్రసంగం చేయలేదు. ఇప్పుడు మీరడుగుతుంటే గుర్తొస్తోంది.

మాస్టారు: పరిగె గురించి కూడా ఎవరూ చెప్పరండి. తెలుగు బైబిల్లో పరిగె అనే మాట అలాగే ఉంది, కోత కోసేటప్పుడు పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకీ పరదేశులకీ వదిలేయమని, అదీ లేవీయకాండం 19లోనే. బైబిల్లో రూతు అనే విధవరాలు బ్రతికింది దాంతోనే. మా చిన్నప్పుడు చీపురుపల్లి వైపు వరి కోతలయ్యాక ఆడవాళ్ళూ పిల్లలూ పరిగె ఏరుకోడానికి వెళ్ళేవారు, రైతు ఏమీ అనేవాడు కాదు, సాయంత్రానికి కుంచెడు గింజలు ఒళ్ళో వేసుకుని వచ్చేవారు. వాళ్ళెవరూ లేవీయకాండం చదవలేదు. ఇప్పుడు మిషన్లతో కోస్తున్నారు, పరిగె అంటే ఏటని అడుగుతున్నారు పిల్లలు. ఆ ఆజ్ఞ ఈ రోజు ఎలా పాటించాలి అన్నది నిజంగా కూర్చుని ఆలోచించాలి, షాపు ఉన్నవాడికి పరిగె ఏది, జీతగాడికి పరిగె ఏది.

యాంకర్: సబ్బాతు, అంటే విశ్రాంతి దినం గురించి కూడా అనుకున్నాం, ఏడవ దినం అంటే శనివారం కదా, అడ్వెంటిస్టులు శనివారమే పాటిస్తారు, మనం ఆదివారం. దాని మీద వేరే ప్రోగ్రాం చేద్దాం, ఎందుకంటే లైన్లో ఒక కాలర్ చాలాసేపట్నుంచి ఉన్నారు. చెప్పండి బాబూ.

కాలర్: అందరికీ వందనాలండి. నాను తాపీ మేస్త్రీనండి, గజపతినగరం వైపు. నాకు ఇన్ని వచనాలు తెల్దండి, కూలి గురించి ఏటైనా రాసుందా అని అడగడానికి సేసాను. ఒక విశ్వాసి ఇల్లు కట్టానండి, నాలుగు నెల్ల పని, ఇంకా పదకొండు వేలు రావాల. ఇంటి ప్రతిష్ఠ పెద్దగా సేసారు, మూడొందల మందికి బిర్యానీ పెట్టారు, నన్నూ పిలిసారు, తిన్నాను. లెక్క అడిగితే దేవుడు నిన్ను దీవిస్తాడు మేస్త్రీ, కొంచెం ఆగు అంటన్నారు. నా కింద పన్సేసినోళ్ళకి నాను అప్పు సేసి ఇచ్చేసానండి.

లాయర్ మేడమ్: రాసుంది మేస్త్రీ. ద్వితీయోపదేశకాండం 24, బీదవాడైన కూలివాడి కూలి ఆ రోజే, పొద్దు గుంకక ముందే ఇవ్వాలి, వాడు దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అని. లేవీయకాండం 19లో కూడా తెల్లారేవరకూ నీ దగ్గర ఉంచుకోవద్దు అని ఉంది. పోనీ పాత నిబంధన కదా అనేవాళ్ళకి కొత్త నిబంధనలో యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఉంది, బిగపట్టిన కూలి మొర పెడుతోంది, అది దేవుని చెవిలో పడింది అని. ఇది ఆ మూడు పెట్టెల్లో ఎందులో వేస్తారు అయ్యగారూ? నీతా, ఆచారమా, దేశపు చట్టమా?

అయ్యగారు: (కాసేపు ఆగి) నేను ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనలు వందకి పైనే చేసుంటాను. మేస్త్రికి లెక్క తీరిందా అని ఒక్క ఇంట్లో కూడా అడగలేదు. నువ్వు చెప్పిన ఇల్లు నేను ప్రతిష్ఠ చేసింది కాకపోవచ్చు, అయినా నాదే అన్నట్టుంది.

కాలర్: మిమ్మల్ని అనట్లేదండి అయ్యగారూ. ఇంకోటి కూడా ఉందండి, మేడ మీద పిట్టగోడ కూడా కట్టనియ్యనేదు ఖర్సని. తర్వాత సూద్దాం అన్నారు.

మాస్టారు: అదీ ఉందండి! పిట్టగోడ! ద్వితీయోపదేశకాండం 22, కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించు, ఎవరైనా పడితే ఆ రక్తదోషం నీ ఇంటి మీదకి వస్తుంది అని. వాళ్ళవి మేడలే కదా, పైన పడుకునేవారు, పైనే పనులు చేసుకునేవారు. తర్వాత రెండు మూడు వచనాలకే ఆ ఉన్ని, నార కలిపిన బట్ట సంగతి.

కుర్రాడు: అంటే మొత్తం మోషే రాసిందాంట్లో మేస్త్రీ గారికి కావాల్సినవి రెండూ ఉన్నాయి, నా టాటూ ఒక్కటే మా వాళ్ళకి కనబడింది.

అయ్యగారు: బాబూ నీ టాటూ సంగతి కూడా చెప్తాను, అదే వచనంలో ముందు చచ్చినవారి కోసం దేహం చీరుకోవద్దు అనుంది, చావు దుఃఖంలో చుట్టుపక్కల జనాలు చేసే పనులు అవి, సిలువ గుర్తుకీ దానికీ సంబంధం ఉందని నేను అనుకోను. మీ పెద్దాయనతో నేను మాట్లాడతాను కావాలంటే. మేస్త్రీ, లైన్లో ఉన్నావా?

కాలర్: ఉన్నానండి.

అయ్యగారు: ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?

కాలర్: ఇద్దరండి. చిన్నోడికి నాలుగేళ్ళు. మెట్లు ఎక్కీసి పైకెల్పోతంటాడు.

అయ్యగారు: పిట్టగోడ ఎన్ని రోజుల పని?

కాలర్: రెండ్రోజులండి, మూడున్నర అడుగుల ఎత్తు పెట్టాల. ఇటుక మిగిలిందక్కడే ఉంది. సిమెంటొకటీ తెప్పిస్తే, పిల్లడి కోసం కూలి నేకపోయినా కట్టీగలను.

అయ్యగారు: వద్దు. కూలి తీసుకునే కట్టు. నీ నంబరు స్టూడియో వాళ్ళ దగ్గర ఉంచు, వాళ్ళ సంఘం పాస్టర్ గారెవరో కనుక్కుని ఆయన్ని కూడా తీసుకుని ఈ సోమవారం నీతో ఆ ఇంటికి నేను వస్తాను, ముందు ఆ పదకొండు వేలు, తర్వాత గోడ.